అడిగితేనే చెప్పే నిజం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పాల్ ఫోన్ చేశాడు. హామిల్టన్‌లో ఒకప్పుడు మా పక్కింట్లో ఉండే గుడ్రున్ ఆంటీ కొడుకు అతను. ఇప్పుడు హాబ్సన్‌విల్‌లో ఉంటున్నాడు. పండగలకో మెసేజ్ పెట్టి ఊరుకునే మనిషి ఫోన్ చేసేసరికి, ఆంటీకి ఏమైందని అడిగాను. ఆంటీకి ఏమీ కాలేదట. ఐస్‌లాండ్‌లో ఆమె తమ్ముడు యోన్ పోయాడట. అమ్మకు చెప్పలేదు, చెప్పదలుచుకోలేదు అన్నాడు. హామిల్టన్‌లోనే ఆమె ఉంటున్న రెస్ట్ హోమ్ వాళ్లు కూడా వద్దనే అన్నారట. మరుపు ముదిరిన మనిషికి చెప్పినా నిలవదు, ప్రతిసారీ కొత్తగా విన్నట్టే ఏడుస్తుంది, ఎందుకా హింస అని. నేను వీలైనప్పుడల్లా వెళ్లి చూసొస్తుంటాను కాబట్టి, యోన్ మాట వస్తే బాగున్నాడని చెప్పమని బతిమాలాడు. సరేనన్నాను. అతని గొంతు విన్నాక ఇంకేం అనగలను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఫ్లాట్ బుష్‌లోని మా వంటింట్లో పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయి నిలబడిపోయాను. ఎవరికి ఏ సంగతి దాచినా దాచొచ్చు గానీ, గుడ్రున్ ఆంటీకి దాచడమా? ఆమె హామిల్టన్‌లో యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పింది. ఉద్యోగం చేసినంత కాలమూ ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంది. ఒక మనిషికి సంబంధించిన నిజం ఆ మనిషికి తప్ప అందరికీ తెలిసినప్పుడు, తెలిసినవాళ్లు ఏం చేయాలి? అదీ ఆ ప్రశ్న. దాని జవాబు కోసం ఆమె ఏం పోగొట్టుకుందో పాల్‌కు కొంత తెలుసు. మా ఇంట్లో నాకు ఎక్కువ తెలుసు.

మేం హామిల్టన్ వచ్చేటప్పటికి నాది కాలేజీ వయసు. నాన్న హన్మకొండలో పశువుల డాక్టరు. ఇక్కడ పాడి రైతులకు మందులూ దాణా అమ్మే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. పొద్దున వెళ్తే సాయంత్రానికి బూట్లకు పేడతో, ఒంటి నిండా మందుల వాసనతో తిరిగొచ్చేవాడు. మొదటి ఏడాది మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. లాడ్జిలో దిగినట్టు ఉండేవాళ్లం. నానమ్మ వచ్చాకే అది ఇల్లయింది. ఆమె వచ్చిన మర్నాడే దీపం పెట్టి, సాంబ్రాణి పొగ వేస్తే సీలింగ్‌లో ఉన్న అలారం మోగి వీధంతా లేచింది. నాన్న కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ పీకేశాడు. అది మళ్లీ ఎవరూ పెట్టలేదు. వేపుళ్లూ పులుసులూ ఇంట్లో చేస్తే కార్పెట్‌కు వాసన పడుతుందని ఇక్కడి మనవాళ్లందరిలాగే మేమూ గరాజ్‌లో గ్యాస్ పొయ్యి పెట్టుకున్నాం. నానమ్మకు అదే రాజ్యం. షట్టర్ సగం దాకా ఎత్తించుకుని, పీట వేసుకుని, వచ్చే పోయే కార్ల చక్రాలు చూస్తూ ఉల్లిగడ్డలు కోసేది. మనుషులు కనపడేవాళ్లు కాదు, ఎప్పుడైనా ఎవరైనా నడిచి వెళ్తే మోకాళ్ల దాకానే కనపడేవాళ్లు. ఈ దేశంలో నడిచే మనిషి ఒక్కడూ లేడని ఆమెకు పెద్ద కంప్లయింటు.

ఆ షట్టర్ కింద ఒకరోజు ఆగిన కాళ్లు గుడ్రున్ ఆంటీవి. నానమ్మ ఎండు చేపలు వేయిస్తోంది. వాసనకు పక్కింటావిడ తగువుకు వచ్చిందని అమ్మ కంగారుపడి లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. ఆమె మాత్రం వంగి, లోపలికి తొంగి చూసి, కళ్లు మూసుకుని గాలి పీల్చుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. కాసేపటికి ఒక పొట్లం పట్టుకొని వచ్చింది. వాళ్ల తమ్ముడు యోన్ పంపిన ఎండు చేప. గాలికి ఆరబెట్టింది, ఉప్పు లేదు, చెక్క ముక్కంత గట్టిగా ఉంది. చీల్చి వెన్న రాసుకుని తినాలట. నానమ్మ ఒక ముక్క చాలాసేపు నమిలి, ఈమెకు వండటం కూడా రాదని తేల్చి, మిగతాదంతా పులుసులో వేసింది. గుడ్రున్ ఆంటీ ఆ పీట పక్కనే నేల మీద కూర్చుని, ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేసింది. ఆమె భర్త ఈ దేశంవాడే, కివీ, నేలల శాస్త్రవేత్త. అప్పటికే పోయాడు. పాల్ వెల్లింగ్టన్‌లో చదువుకుంటున్నాడు. ఆ రోజు నుంచి క్లాసులు అయిపోయాక సాయంత్రాలు ఆమె మా గరాజ్‌లోనే ఉండేది.

ఆమెను పిలవడం మాకు పెద్ద సమస్య అయింది. వాళ్ల దేశంలో ఇంటిపేర్లు ఉండవు. ఎంత పెద్దవాళ్లనయినా పేరు పెట్టే పిలుస్తారు. క్లాసులో పిల్లలందరూ ఆమెను గుడ్రున్ అనేవాళ్లు. మా నోరు తిరగదు. అమ్మ మేడమ్ అనేది, నేను ఆంటీ అనేదాన్ని, నానమ్మ ఏ ఇబ్బందీ లేకుండా మొదటిరోజే చెల్లె అనేసింది. ఇద్దరికీ ఒక భాష లేదు. ఆంటీ ఊలు అల్లుకునేది, నానమ్మ ఒత్తులు చేసుకునేది, ఎవరి భాషలో వాళ్లు చెప్పుకుంటూ పోయేవాళ్లు. ముఖ్యమైన సంగతి వస్తే నన్ను కేకేసేవాళ్లు. కాలేజీ నుంచి అలసి వచ్చి ఈ ఇద్దరు ముసలమ్మల మధ్య దుబాసీ పని చేయడం నాకు విసుగ్గా ఉండేది. ఆ విసుగు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

నేను చదివేది అకౌంటెన్సీ. ఒక సబ్జెక్టు బయటిది తీసుకోవాలంటే ఆంటీ చెప్పే పేపరు తీసుకున్నాను. ఫిలాసఫీ కూడు పెడుతుందా అని నాన్న గొణిగాడు. ఆమె పాఠం చెప్పే పద్ధతి వేరే ఎక్కడా చూడలేదు. ఆ సెమిస్టర్ అంతా ఒకటే ప్రశ్న. కుర్చీలు గుండ్రంగా వేయించి, తాను ఊలు అల్లుకుంటూ వినేది. ఎవరైనా ఇంకొకరి మాట కాదనాలంటే, ముందు ఆ ఇంకొకరి మాటను వాళ్లే ఒప్పుకునేంత బాగా చెప్పాలి. అవతలివాళ్లు అవును, నా మాట ఇదే అన్నాకే కాదనడానికి వీలు. సగం క్లాసు అక్కడే ఖర్చయ్యేది. అమ్మానాన్నలతో పోట్లాడే వయసు నాది. ఇంటికొచ్చి నాన్న వాదన ఆయన కంటే బాగా చెప్పి చూపించబోతే, ఎక్కువ చేయకు అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాడు. ఆంటీకి ఈ సంగతి చెబితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

అబద్ధం గురించి ఆమెకు ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను. గరాజ్‌లో బఠానీలు ఒలుస్తున్నాం. ఆమె పుట్టింది చేపలు పట్టేవాళ్ల పల్లె. తుపానులో పడవ తిరిగి రాకపోతే చర్చి ఫాదర్ నల్ల కోటు వేసుకుని ఇంటి నుంచి బయలుదేరేవాడట. ఆడవాళ్లందరూ కిటికీల్లో నిలబడి, ఆయన ఏ ఇంటి ముందు ఆగుతాడో అని చూసేవాళ్లట. ఎవరూ ఆయన్ని అడిగేవాళ్లు కాదు. ఆయనే వచ్చి చెప్పేవాడు. ఆమె తండ్రి మునిగిపోయిన రోజు మాత్రం పిల్ల చిన్నదని, ఆమెను అమ్మమ్మ ఇంటికి పంపేశారు. నాన్న వేరే రేవులో పని మీద ఉన్నాడని చెప్పారు. ఆ వారంలోనే అక్కడ పిల్లలు క్రీము రొట్టెలు తినే పండగ వచ్చింది. అందరూ ఆమెకే ఎక్కువ పెట్టారట. ఆమె తింది, ఎగిరింది, పాడింది. పెద్దవాళ్లందరూ నవ్వుతూ చూశారు. తర్వాత నిజం తెలిసింది. "నాన్న పోయిన బాధ తగ్గింది శైలా. ఆ రొట్టెలు తింటున్నప్పుడు వాళ్లు నన్ను చూసిన చూపు ఉంది చూడు, అది తగ్గలేదు" అంది. అందరికీ తెలిసిన నిజం తెలియకుండా బతికిన ఆ రోజులు తనవి కావని, ఎవరో తన పేరుతో బతికిన రోజులని ఆమె అనుకునేది. ఆమె రాస్తున్న పుస్తకమంతా దాని గురించే. ఆ కథ నానమ్మకు చెప్పమంది. చెప్పాను. నానమ్మ ఒత్తులు పక్కన పెట్టి, ఆంటీ తల తన భుజానికి ఆనించుకుంది.

శ్రీను బాబాయి సంగతి ఇక్కడ చెప్పాలి. నాన్నకు తమ్ముడు, హైదరాబాద్‌లో ఉండేవాడు. ఎస్టీడీ బూత్ పెట్టాడు, జిరాక్స్ షాపు పెట్టాడు, ట్రావెల్స్ పెట్టాడు. ఏదీ ఏడాది దాటలేదు. కానీ ఆయన ఫోన్ వస్తే ఇల్లంతా వెలిగేది. ఆదివారం పొద్దున ఫోన్ చేసి నానమ్మను నవ్వించి నవ్వించి పెట్టేవాడు. ఆమె పెట్టేయగానే నాన్న మొదలుపెట్టేవాడు. వీడు బాగుపడడు, వీడికి బుద్ధి రాదు, వీడి వల్ల నాకు తల నొప్పి. అన్నం దగ్గర బాబాయిని తిట్టడం మా ఇంట్లో పచ్చడి వేసుకోవడం లాంటిది, అది లేకపోతే ముద్ద దిగదు. నానమ్మ వెనకేసుకొచ్చేది, అమ్మ ఇద్దరినీ సముదాయించేది.

ఆ ఏడు చలికాలంలో, అంటే ఇక్కడ జూన్, జూలై నెలల్లో, నానమ్మకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో ఉండి వచ్చింది. గుండె బలహీనంగా ఉంది, ఆందోళన పడనీయకండి అని డాక్టర్లు చెప్పి పంపారు. ఇంటికొచ్చి కాస్త తేరుకుంటోంది. పెత్తరమాస, అదే పెద్దల అమావాస్య, ఇంకా కొద్ది రోజులుందనగా హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. బాబాయి పోయాడు. స్కూటర్ మీద వెళ్తూ రోడ్డు మీదే పడిపోయాడు. నాన్న ఫోన్ పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నాడు, గరాజ్‌లోంచి నానమ్మ ఎవరురా అని అడిగింది. ఆఫీసు నుంచి అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో అబద్ధం మొదలైంది. ముందు ఒంట్లో బాగాలేదని, తర్వాత సీరియస్ అని, మెల్లగా అసలు సంగతి చెప్పడం మనవాళ్లకు అలవాటే కదా. అలాగే చేద్దామనుకున్నారు. మొదటి మెట్టు కూడా ఎక్కలేకపోయారు. ఆమె ముఖం చూడగానే నాన్న గొంతు పెగలలేదు. బాబాయికి మస్కట్‌లో ఉద్యోగం దొరికిందని, అక్కడినుంచి ఫోన్ కలవడం కష్టమని చెప్పాడు. కార్డు గీకి నంబర్లు నొక్కి ఫోన్ చేసే రోజులవి. నానమ్మకు సొంతంగా చేయడం రాదు. దాచడం తేలిక. పదో రోజున నాన్న క్యాంపు అని చెప్పి రాగ్లాన్ బీచికి వెళ్లి, ఒక్కడే ఆ చల్లటి సముద్రంలో మునిగి, నువ్వులూ నీళ్లూ వదిలి వచ్చాడు. ఇంట్లో మాత్రం రోజూ దీపం వెలుగుతూనే ఉంది. కొడుకు పోయిన మైలలో ఉన్న తల్లి, మైల అని తెలియక, దేవుడికి దీపం పెడుతూనే ఉంది. అమ్మ తలుపు చాటుకు వెళ్లి దండం పెట్టుకునేది.

ఆంటీకి నాన్నే వెళ్లి చెప్పాడు. నేనూ వెంట ఉన్నాను. మా అమ్మకు ఎట్టి పరిస్థితిలోనూ తెలియకూడదు, తెలిస్తే ఆమె బతకదు అని చేతులు జోడించాడు. ఆంటీ ఊలు పక్కన పెట్టింది. తాను అబద్ధం ఆడలేనని అంది. నాన్న ముఖం మాడిపోయింది. "ఆమె అడగనంత వరకు నేను చెప్పను. అడిగితే మాత్రం నిజమే చెప్తాను. నేను చేయగలిగింది అంతే" అంది. తన పుస్తకంలో కూడా ఆమె అక్కడే గీత గీసుకుంది. అబద్ధం చెప్పడం వేరు, చెప్పకుండా ఉండటం వేరు. మొదటిది తప్పు, రెండోది కొన్నిసార్లు దయ. నాన్నకు ఈ గీతలతో పని లేదు. అడగనంత వరకు అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. నాకు ఆ రోజు ఆంటీ చాలా గొప్పగా కనిపించింది.

బతుకమ్మ వచ్చింది. చావు జరిగిన ఇంట ఏడాది పాటు పండగ చేసుకోరు. అమ్మ ఎన్ని సాకులు చెప్పాలో అన్నీ చెప్పింది. ఇక్కడ తంగేడు దొరకదంది, గునుగు దొరకదంది, నీ ఆరోగ్యం బాగాలేదంది. నానమ్మ వింటేనా. మంచాన పడి లేచాను, ఈ ఏడు తప్పకుండా చేయాలంది. తాత పోయినప్పటి నుంచి ఆమె ఆడేది కాదు, కానీ మా కోసం పేర్చేది. ఆ చేతుల పనితనం వేరు. పొద్దునే నానమ్మ పళ్లెం పట్టుకుని ఆంటీ పెరట్లోకి వెళ్లిపోయింది. అక్కడ కోవాయి చెట్టు పసుపుపచ్చగా విరగపూసి ఉంది. తంగేడు లేకపోతే ఇదే తంగేడు అంది. ఆమెకు కొమ్మలు అందవు. ఆంటీ నిచ్చెన వేసుకుని ఎక్కి, కొమ్మ తర్వాత కొమ్మ తెంపి కిందికి అందించింది. కమేలియాలు కూడా కోసి ఇచ్చింది. పండగ చేయకూడదన్న సంగతి ఆంటీకి తెలియదు, మేం చెప్పలేదు. ముసలామె చాలా రోజులకు సంతోషంగా ఉంది కదా అనుకుంది. సాయంత్రం నది ఒడ్డున పార్కులో నాలుగు తెలుగు కుటుంబాలు చేరాయి. మా బతుకమ్మే అందరికంటే ఎత్తుగా ఉంది. నానమ్మ కుర్చీలో కూర్చుని పాట ఎత్తుకుంది. మేం చప్పట్లు కొడుతూ తిరిగాం. అమ్మ నడుస్తూ నడుస్తూ ఏడుస్తోంది, ఎవరూ చూడకుండా కొంగుతో తుడుచుకుంటోంది. ఆంటీ నానమ్మ కుర్చీ వెనక నిలబడి చప్పట్లు కొట్టింది.

నానమ్మకు అనుమానం ఎలా వచ్చిందో ఎవరూ ఊహించలేరు. ఫోన్ రానందుకు కాదు, అమ్మ కళ్లు వాచినందుకూ కాదు. ఒకరోజు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గరాజ్‌లో పొయ్యి ఆర్పేసి కూర్చుని ఉంది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, శ్రీనుగాన్ని ఇంట్ల ఎవ్వలు తిడ్తలేరు" అంది.

నేను ఉల్లిగడ్డల బుట్ట దగ్గరికి లాక్కున్నాను.

"మీ నాయిన అన్నం కాడ వాని పేరే ఎత్తుతలేడు. మస్కట్ పోయిండంటిరి. పోయినోన్ని గిట్ట తిట్టకుంట ఉంటరా? ఏమైందే?"

నాన్నను అడుగు అన్నాను. మీ నాయిన చెప్పడు, మీ అమ్మ ఏడుస్తది, నువ్వు చిన్నపిల్లవు, చెల్లె అయితే అబద్ధం చెప్పదు, పద అంది. చెప్పులు వేసుకుంది. నేను వెనకాలే వెళ్లాను. ఆంటీ వంటింట్లో కాఫీ వాసన, తడి ఊలు వాసన. నానమ్మ నిలబడే అడిగించింది. నేను ఇంగ్లీషులోకి ఉన్నదున్నట్టు మార్చాను, నా కొడుకు ఉన్నాడా పోయాడా చెప్పమంటోంది అని. ఆంటీ చేతిలో సూదులు ఆగిపోయాయి. నేను చెప్తాను, కానీ ఇక్కడ కాదు, మీ ఇంట్లో, మీ నాన్న ముందు చెప్తాను అంది. ఆ మాట నేను తెలుగులో చెప్పకముందే నానమ్మకు తెలిసిపోయింది. బాగున్నాడు అనడానికి ఇంతసేపు పట్టదు కదా. గుమ్మం వైపు తిరిగి, నడవమని సైగ చేసింది.

ఆ రోజు పని దగ్గరలోనే ఉండి, నాన్న అప్పుడే భోజనానికి వచ్చి ఉన్నాడు. మీ అమ్మ అడిగింది, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అంది ఆంటీ. నాన్న వంగి, నానమ్మ కాళ్లు పట్టుకుని చెప్పాడు. మేమందరం ఆమె గుండె వైపే చూస్తున్నాం. డాక్టర్ల మాట మా చెవుల్లో మోగుతోంది. గుండెకు ఏమీ కాలేదు. ఆమె అడిగింది ఒకటే, ఏనాడు అని. పెత్తరమాస ముందు అని నాన్న చెప్పాడు. ఆమె లోపలే లెక్క వేసుకుంది. తన రెండు చేతులూ ఎత్తి, అరచేతులు చూసుకుంది.

"దీపం పెట్టిన. పూలు పేర్సిన. పాట పాడిన. నా కొడుకు కాష్టంల కాలిండు, నేను పాట పాడిన" అంది.

తర్వాత ఆంటీ వైపు తిరిగింది. ఆ చూపు నాకు ఇప్పటికీ భయమే.

"నీకు తెలుసు. తెలిసి నిచ్చెనెక్కి పూలు తెంపి ఇచ్చినవ్. నేను అడిగితెనే చెప్తవా చెల్లె? నీ తండ్రి ముచ్చట నేను అడగకముందే నువ్వు నాకు చెప్పలే?"

ఆ మాటలు నేనే ఇంగ్లీషులోకి మార్చాలి. మార్చాను. ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఆంటీ దగ్గర వాదన ఉంది, పుస్తకం నిండా ఉంది. కానీ రొట్టెలు తింటున్న పిల్లను నవ్వుతూ చూసినవాళ్లలో తానూ ఒకతెనయ్యానని ఆ క్షణాన ఆమెకు తెలిసింది. నేను ఆమె ముఖంలో చూశాను. తలుపు తీసుకుని, మెల్లగా వాళ్లింటికి వెళ్లిపోయింది.

నానమ్మ చన్నీళ్లు పోసుకుని, దేవుడి అరకు గుడ్డ కట్టి, గరాజ్‌లో చాప వేసుకుంది. అందరూ ముగించిన మైల ఆమె ఒక్కతే మళ్లీ మొదటి నుంచి పట్టింది. షట్టర్ పూర్తిగా దించేసుకుంది. నాన్నతో కొన్నాళ్లకు మాట్లాడటం మళ్లీ మొదలుపెట్టింది, కన్నకొడుకు కదా, ఎన్నాళ్లని. ఆంటీని మాత్రం గడప తొక్కనీయలేదు. నాకు నానమ్మ మీద కోపం వచ్చేది. దాచినవాళ్లం మేం, నిజం బయటికి తెచ్చింది ఆంటీ, శిక్ష ఆమెకా అని. ఆ మాట ఒకసారి అనేశాను. మీరు నావాళ్లు, తప్పు చేస్తరు, ఆమె తప్పు చేయదనుకున్న అంది. వేసవి రాగానే, బాబాయి పిల్లల దగ్గర ఉంటానని ఇండియా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అక్కడే ఇంకా చాలా ఏళ్లు బతికింది. గుండె ఆమెను ఏమీ చేయలేదు. నాన్న ఆంటీని చివరిదాకా క్షమించలేదు. దారిలో ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు.

అప్పటికి ఆంటీ పుస్తకం అచ్చుకు వెళ్లడానికి సిద్ధంగా ఉంది. ఆమె వెనక్కి తెచ్చుకుంది. చెప్పకుండా ఉండటం గురించి రాసిన అధ్యాయం మళ్లీ రాయాలంది. ఏడాదిలో అయిపోతుందనుకున్నారు. ఏళ్లు పట్టింది. తోటివాళ్లు ఆమె పని అయిపోయిందనుకున్నారు. డిపార్ట్‌మెంట్ చిన్నదవుతూ వచ్చి, ఆమెను ముందుగానే రిటైర్ చేశారు. ఆఖరికి పుస్తకం వచ్చింది. చదివినవాళ్లు తక్కువ. అందులో మా నానమ్మ పేరు లేదు, పూల సంగతీ లేదు. కానీ గీత చెరిపేసి ఉంది. తెలిసిన మనిషి ఊరికే ఉండలేడు, పక్కన కూర్చున్నా, చప్పట్లు కొట్టినా, పువ్వు అందించినా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు, అది నిజం కాకపోతే అబద్ధమే అని రాసింది. తెలిసినవాళ్లే నడిచి వెళ్లి చెప్పాలి, అడిగేదాకా ఆగకూడదు అని ముగించింది. నా కాపీ మీద సంతకం పెట్టి ఇస్తూ, ఇది సరిగ్గా ఉందో లేదో అడగాల్సిన మనిషి ఇక్కడ లేదు అంది.

ఇప్పుడు రోజులు మారాయి. ఈ రోజుల్లో బాబాయి పోతే, నాన్న ఫోన్ పెట్టేలోపే నానమ్మ వాట్సాప్‌లో దండ వేసిన ఫోటో వచ్చేసేది. మా అమ్మకు హన్మకొండలో ఎవరింట్లో ఎవరికి జ్వరం వచ్చిందో నాకంటే ముందు తెలుస్తుంది. దాచాలన్నా దాచలేం. నా పిల్లలకు ఈ కథ చెబితే, ముందే చెప్పేయొచ్చు కదా మమ్మీ, వాట్స్ ద బిగ్ డీల్ అన్నారు. వాళ్లకు తెలుగు అర్థమవుతుంది, మైల అర్థం కాదు. దాచడానికి వీలు కాని కాలం వచ్చిందని నేనూ సంబరపడ్డాను. దాచడానికి ఇంకా ఒక చోటు మిగిలే ఉందని పాల్ ఫోన్ చేసేదాకా తట్టలేదు.

ఆ శనివారం హామిల్టన్ వెళ్లాను. దారిలో బాంబే హిల్స్ అనే కొండలు దాటేదాకా మబ్బు, తర్వాత రోడ్డు పొడుగునా ఆవులు. పాల్‌కు మాటిచ్చాను. ఆంటీ పుస్తకం చదివాను. రెండూ ఒకేసారి నిలబెట్టలేను. కారు ఆపేటప్పటికి ఒక నిర్ణయానికి వచ్చాను. పాల్ తిడితే తిడతాడు. ఈ మనిషికి ఇంకోసారి ఎవరూ రొట్టెలు పెట్టి నవ్వుతూ చూడకూడదు.

ఆంటీ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ రోజు తెలివిగానే ఉంది. నన్ను శైలా అని పిలిచింది, అమ్మ ఎలా ఉందని అడిగింది. ఆమె చేతులు పట్టుకుని, అడగకముందే చెప్పాను. యోన్ పోయాడు ఆంటీ అని. ఆమె నిటారుగా కూర్చుంది. ఎప్పుడు అని అడిగింది. పక్కన ఎవరున్నారు అని అడిగింది. తెలిసినంత చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత నా చెయ్యి నొక్కి, నడిచి వచ్చి చెప్పావు, మంచి పని చేశావు అంది. నా గుండె మీద నుంచి ఎన్నో ఏళ్ల బరువు దిగినట్టయింది.

టీ వచ్చింది. తాగుతూ తాగుతూ, ఇది అయ్యాక యోన్‌కు ఫోన్ చేద్దామా, నువ్వు నంబరు నొక్కు, నాకు కళ్లు ఆనడం లేదు అంది. కప్పులు తీయడానికి వచ్చిన అమ్మాయి నా వైపు చూసి తల దించుకుంది. నేను మళ్లీ చెప్పాను. మొదటిసారి విన్నంత గట్టిగానే తగిలింది దెబ్బ, పిసరంత కూడా తగ్గలేదు. మళ్లీ అదే ప్రశ్న, ఎప్పుడు అని. మళ్లీ అదే ఏడుపు. పమిటలా కప్పుకున్న ఊలు శాలువా తడిసిపోయింది. నేను తుడుస్తున్నాను. కళ్లు తుడుచుకుని, బయట చెట్టు చూసి, తేటపడిన ముఖంతో నా వైపు తిరిగింది. యోన్ ఈసారి ఎండు చేప పంపలేదు, మరిచిపోయాడేమో, ఒకసారి ఫోన్ చేసి అడుగుదామా అంది.

నాన్న ఆనాడు హాల్లో ఎలా నిలబడ్డాడో, ఆయన గొంతు ఎందుకు పెగలలేదో, ఇన్నేళ్లకు నాకు అర్థమైంది. అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి ఆంటీ, పడుకుని ఉంటాడు, తర్వాత చేద్దాం అన్నాను. అవును, వాడు పెందలాడే పడుకుంటాడు అని తృప్తిగా తలాడించింది. నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఇక్కడ వీళ్లు నాకు ఏదీ చెప్పరు శైలా" అంది. "వాడికి ఏమన్నా అయితే నువ్వు నాకు చెప్తావు కదా?"

"చెప్తాను ఆంటీ" అన్నాను.